మకాం గేటు లోపలే ఉండాలా?

టెక్సాస్‌లోని బిగ్ బెండ్ జాతీయ పార్కుకు వెళ్లదలచినవాళ్లకు ముందుగా అందే సలహా ఒకటుంది. ఎలాగైనా పార్కు లోపలే క్యాంప్‌సైట్ సంపాదించండి, చీసోస్ బేసిన్‌లో దొరికితే మరీ మంచిది, లోపల ఎక్కడా దొరక్కపోతే ప్రయాణం వాయిదా వేసుకోండి. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలోని తెలుగు కుటుంబాల మధ్య థాంక్స్‌గివింగ్‌కు ముందు, స్ప్రింగ్ బ్రేక్‌కు ముందు ఈ మాట చేతులు మారుతూనే ఉంటుంది. రిజర్వేషన్ ఆరు నెలల ముందే మొదలవుతుంది కాబట్టి ఆ రోజు కోసం కాచుకుని కూర్చుంటారు. బేసిన్ దొరక్కపోతే నది ఒడ్డున ఉన్న రియో గ్రాండ్ విలేజ్‌లో ఏది మిగిలితే అది పట్టుకుంటారు. అదీ పోతే నిరాశ. బయట టెర్లింగ్వాలోనో మారథాన్‌లోనో టెంట్ వేసుకున్నవాళ్లు ఏదో తక్కువ రకం యాత్ర చేసి వచ్చారన్న భావం ఈ సలహాలో అంతర్లీనంగా ఉంది. ఈ అభిప్రాయం తప్పు మాత్రమే కాదు, కొన్ని నెలల్లో ప్రమాదకరం కూడా. ఎడారి కొండల్లో రాత్రి ఎలా గడుస్తుందో తేల్చేవి మూడు: ఆ చోటు ఎత్తు, మనం వెళ్లిన నెల, వాన నీరు పారే దారి. పార్కు సరిహద్దుకు ఇందులో ఏ పాత్రా లేదు.

ఆ సరిహద్దు ఎలా ఏర్పడిందో చూస్తే దానికి ఇంత విలువ ఎందుకు ఇవ్వకూడదో అర్థమవుతుంది. 1935లో అమెరికా కాంగ్రెస్ ఈ పార్కుకు అనుమతి ఇచ్చింది గానీ భూమి సేకరించే భారాన్ని టెక్సాస్ మీదే ఉంచింది. 1941లో రాష్ట్ర శాసనసభ 15 లక్షల డాలర్లు కేటాయించింది. ఆ డబ్బుతో పశువుల రాంచ్‌ల యజమానుల దగ్గర, చిన్న కమతాలవాళ్ల దగ్గర భూములు కొని కేంద్రానికి అప్పగించాక 1944 జూన్‌లో పార్కు ఏర్పడింది. ఈనాడు దాని విస్తీర్ణం 8 లక్షల ఎకరాలు. గీతకు ఇటు ఉన్నది కొన్న నేల, అటు ఉన్నది కొనని నేల, అంతే తేడా. రెండు వైపులా అదే చివావన్ ఎడారి, అదే క్రియోసోట్ పొద, కాళ్లను చీల్చే అదే లెచుగీయా ముళ్లు. పడమటి వైపు ఆనుకునే 3 లక్షల ఎకరాలు దాటిన బిగ్ బెండ్ రాంచ్ స్టేట్ పార్కు ఉంది. నది దాటితే మెక్సికో 1994లో ప్రకటించిన రెండు రక్షిత ప్రాంతాలున్నాయి. ఇన్ని అధికారాల కింద ఉన్న ఒకే ఎడారిలో ఒక గేటు లోపలి భాగమే అసలైనదనీ మిగిలినది దాని పెరడనీ అనుకోవడానికి భూమి మీద ఆధారం ఏదీ కనబడదు.

సరిహద్దు గీతను పక్కనబెట్టి ఎత్తుల అంకెలు చూద్దాం. చీసోస్ పర్వతాలు మొత్తంగా ఈ పార్కు లోపలే ఇమిడి ఉన్నాయి. వాటిలో ఎత్తైన ఎమరీ శిఖరం 7,800 అడుగులు దాటుతుంది. బేసిన్ క్యాంప్‌గ్రౌండ్ 5,400 అడుగుల ఎత్తున ఉంది. పార్కు ప్రధాన కార్యాలయం ఉన్న పాంథర్ జంక్షన్ 3,750 అడుగులు. తూర్పున నది పక్కనున్న రియో గ్రాండ్ విలేజ్ క్యాంప్‌గ్రౌండ్ 1,850 అడుగులే. పడమటి నది ఒడ్డున కాస్టలన్ దగ్గరి కాటన్‌వుడ్ క్యాంప్‌గ్రౌండ్ దానికంటే కొంచెం పైన, 2,200 అడుగుల లోపు. అంటే ఒకే పార్కులో, ఒకే వెబ్‌సైట్‌లో, ఒకే రకం రుసుముతో దొరికే రెండు సైట్ల మధ్య మూడున్నర వేల అడుగుల తేడా ఉంది. పొడి గాలిలో వెయ్యి అడుగులు పైకి పోయినకొద్దీ 3 నుంచి 5 ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గుతాయి. ఆ లెక్కన బేసిన్‌కూ నది ఒడ్డుకూ మధ్య 10 నుంచి 18 డిగ్రీల వ్యత్యాసం సాధారణం. రాత్రి నిద్ర పట్టడానికీ తెల్లవార్లూ చెమటలో పొర్లడానికీ మధ్య దూరం అది. చలికాలంలో ఇదే తేడా తలకిందులుగా పనిచేస్తుంది. జనవరిలో బేసిన్‌లో నీళ్లు గడ్డకట్టే రాత్రులుంటాయి, నది ఒడ్డున పగలు హాయిగా ఉంటుంది. ‘లోపల’ అన్న ఒక్క మాట ఈ రెండు చోట్లనూ ఒకే గాట కట్టేస్తుంది.

కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీని చూస్తే ఈ విషయం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అక్కడి ఫర్నెస్ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్ సముద్ర మట్టానికి దాదాపు 190 అడుగులు కింద ఉంది. 1913 జూలై 10న 134 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 56.7 సెల్సియస్ నమోదైనది ఆ ప్రాంతంలోనే. ప్రపంచంలో అధికారికంగా నమోదైన అత్యధిక ఉష్ణోగ్రతగా దాన్నే చెబుతారు. అదే పార్కులో టెలిస్కోప్ శిఖరం దారిలో ఉన్న మహాగనీ ఫ్లాట్ క్యాంప్‌గ్రౌండ్ 8,000 అడుగులు దాటిన ఎత్తున ఉంది. చలికాలంలో అక్కడికి వెళ్లే రోడ్డు మంచుతో మూసుకుపోతుంది. రెండూ లోపలివే. కింద ఉన్నది జనవరికి తగినది, పైన ఉన్నది జూలైకి తగినది. నెల తప్పి వెళ్లినవాడికి పార్కు లోపల ఉన్నానన్న తృప్తి ఏ విధంగానూ అక్కరకు రాదు.

లోపలే ఉండాలన్న సలహా ఎక్కడ దారి తప్పిస్తుందో ఇప్పుడు చూడాలి. బేసిన్‌లో ఉన్నవి 60 సైట్లు. 2021లో బిగ్ బెండ్‌కు 5 లక్షల 80 వేలకు పైగా సందర్శకులు వచ్చారు. ఆ గిన్నెలాంటి లోయలో సైట్లు పెంచడానికి చోటు లేదు. 1930లలో సివిలియన్ కన్జర్వేషన్ కోర్ యువకులు పలుగూ పారా పట్టి వేసిన, బేసిన్‌కు చేరే ఏడు మైళ్ల మెలికల రోడ్డు మీద 20 అడుగులకు మించిన ట్రెయిలర్లను తేవద్దని పార్కువాళ్లే చెబుతారు. అక్కడ వాడే నీటిని కింద ఉన్న ఓక్ స్ప్రింగ్ నుంచి పైకి పంపు చేసుకోవాలి. కాబట్టి బేసిన్‌లోనే ఉండమన్న సలహా నూటికి తొంభై మందికి పైగా పాటించలేనిది. పాటించలేని ఆ తొంభై మంది ఏం చేస్తారు? సలహాలో మిగిలిన సగాన్ని పట్టుకుంటారు. బేసిన్ కాకపోతే లోపల ఇంకెక్కడైనా అనుకుని నది ఒడ్డుకు దిగిపోతారు. 5,400 అడుగుల చల్లదనం కోరుకున్న కుటుంబం 1,850 అడుగుల వేడిని దానికి ప్రత్యామ్నాయంగా తీసుకుంటోంది. ఎత్తును బట్టి చూస్తే బేసిన్‌కు అసలైన ప్రత్యామ్నాయాలు ఉత్తరాన గేటు బయట ఉన్నాయి. ఆల్పైన్ ఊరు దాదాపు 4,500 అడుగులు, మారథాన్ 4,000, ఫోర్ట్ డేవిస్ దాదాపు 5,000. పేరులో జాతీయ పార్కు లేదన్న ఒక్క కారణంతో ఇవి చర్చలోకే రావు.

వేసవి నెలల్లో ఈ పొరపాటుకు చెల్లించే మూల్యం చిన్నది కాదు. 2023 జూన్‌లో రియో గ్రాండ్ విలేజ్‌కు సమీపంలోని మారుఫో వేగా ట్రెయిల్ మీద ఒక పద్నాలుగేళ్ల బాలుడు వేడికి స్పృహ తప్పి చనిపోయాడు. సాయం తేవడానికి కారు దగ్గరికి పరుగెత్తి బయలుదేరిన అతని సవతి తండ్రి కూడా ప్రాణాలు కోల్పోయాడు. ఆ వేళ అక్కడి ఉష్ణోగ్రత 119 ఫారెన్‌హీట్, సెల్సియస్‌లో 48 దాటింది. ఆ విషాదానికి కారణం క్యాంప్‌సైట్ అని నేను అనడం లేదు, అది నడకలో జరిగినది. కానీ మకాం ఎక్కడ వేస్తామో దాని చుట్టుపక్కలే మన నడకలు కూడా ఉంటాయి. జూన్‌లో నది ఒడ్డున టెంట్ వేసుకున్నవాళ్లు, పొద్దున్నే లేచి పైకి పోదామని ఎంత అనుకున్నా, రాత్రంతా సరిగా నిద్రలేక, ఒంట్లో నీరు తగ్గి, ఆలస్యంగా లేచి, దగ్గర్లో ఉన్న ట్రెయిల్‌నే ఎంచుకుంటారు. వేడిలో మనిషి ముందుగా కోల్పోయేది సరిగా ఆలోచించే శక్తి. రాత్రి ఒళ్లు చల్లబడి కోలుకునే చోటు దొరికితే మర్నాటి నిర్ణయాలు మెరుగ్గా ఉంటాయి. ఎత్తుకు నేను ఇంత ప్రాధాన్యం ఇవ్వడానికి ముఖ్య కారణం ఇదే.

మనవాళ్ల నుంచి ఇక్కడ ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది. రెంటచింతల ఎండలు, రామగుండం ఎండలు చూసిన ఒళ్లు మాది, మాకు 110 ఫారెన్‌హీట్ ఒక లెక్కా అంటారు. అమ్మానాన్నలు వేసవిలోనే ఇండియా నుంచి వస్తారు కాబట్టి వాళ్లను తీసుకుని జూలైలో ఎడారికి బయలుదేరే కుటుంబాలు ఈ ధైర్యంతోనే బయలుదేరుతాయి. ఆ ధైర్యాన్ని నేను తక్కువ చేయను. కానీ పల్నాడులో మే నెల మధ్యాహ్నం ఎవరు ఎక్కడుంటారో గుర్తు చేసుకోండి. మందపాటి గోడల మధ్య, తలుపులు దగ్గరగా వేసుకుని, కుండ నీళ్లు పక్కన పెట్టుకుని ఉంటారు. పొలం పని తెల్లవారుజామున, చల్లబడ్డాక. అక్కడ ఎండను ఓర్చుకునేది ఒళ్లు ఒక్కటే కాదు, ఇల్లు, నీడ, దినచర్య, ఇరుగుపొరుగు అన్నీ కలిసి ఓర్చుకుంటాయి. టెంట్‌కు గోడలుండవు. మధ్యాహ్నం ఎండలో నైలాన్ గుడ్డ లోపల బయటి కంటే ఎక్కువ వేడి. పైగా ఎడారి గాలి ఎంత పొడిగా ఉంటుందంటే పట్టిన చెమట పట్టినట్టే ఆవిరైపోయి చొక్కా కూడా తడవదు. చెమట పట్టడం లేదు కదా అని నీళ్లు తాగడం తగ్గిస్తారు. మనిషికి రోజుకు ఒక గాలన్, అంటే దాదాపు 3.8 లీటర్ల నీరు దగ్గర ఉంచుకోమని పార్కువాళ్లు చెప్పేది అందుకే. డెబ్బై ఏళ్ల పెద్దవాళ్లను 1,850 అడుగుల దగ్గర టెంట్‌లో పడుకోబెట్టడానికి రెంటచింతల అనుభవం అర్హత కాదు.

దూరం సంగతి అందరూ మొదట లేవనెత్తేది. బయట ఉంటే రోజంతా డ్రైవింగ్‌కే సరిపోతుందని అంటారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది, మైళ్లు లెక్కపెడితే నిలవదు. రియో గ్రాండ్ విలేజ్ నుంచి పాంథర్ జంక్షన్ 20 మైళ్లు, అక్కడి నుంచి బేసిన్ 10. మొత్తం 30. పడమటి గేటు బయట ఉన్న స్టూడీ బ్యూట్ నుంచి బేసిన్‌కు కూడా దాదాపు 30 మైళ్లే. లోపలి మకాం నుంచి ఎంతసేపు పడుతుందో బయటి మకాం నుంచీ అంతే. ఇక ఈ పార్కులో అందరూ చూడాలనుకునే సాంటా ఎలెనా లోయ, 1,500 అడుగుల నిట్టనిలువు సున్నపురాతి గోడల మధ్య నది పారే చోటు. స్టూడీ బ్యూట్ నుంచి తారు రోడ్డు మీద అది 45 మైళ్ల లోపే. రియో గ్రాండ్ విలేజ్ నుంచి 60 దాటుతుంది. పార్కులో వేగ పరిమితి గంటకు 45 మైళ్లు, రాత్రిపూట జింకలు, అడవి పందుల్లాంటి హావలీనాలు రోడ్డు దాటుతుంటాయి కాబట్టి అంత వేగమూ మంచిది కాదు. 8 లక్షల ఎకరాల పార్కులో లోపల ఉండటం అంటే అన్నింటికీ దగ్గరగా ఉండటం కాదు, ఏదో ఒక మూలకు దగ్గరగా ఉండటం. ఆ మూల మనకు కావలసినదా కాదా అన్నదే ప్రశ్న.

మారథాన్ విషయంలో మాత్రం దూరం నిజమైన ఖర్చే. అక్కడి నుంచి పాంథర్ జంక్షన్‌కు 70 మైళ్లు, ఆల్పైన్ నుంచి 100 పైన. రోజూ రానూ పోనూ చేయడం కష్టమని ఒప్పుకుంటాను. అయితే డాలస్ నుంచి, హ్యూస్టన్ నుంచి రోజంతా కారు నడిపి వచ్చే కుటుంబం అదే రాత్రి ఆ 70 మైళ్లు కూడా చీకట్లో నడిపి, పిల్లలు నిద్రలో ఉండగా, రాళ్ల నేల మీద హెడ్‌ల్యాంప్ వెలుగులో టెంట్ నిలబెట్టడం కంటే మొదటి రాత్రి మారథాన్‌లో ఆగి తెల్లవారాక లోపలికి పోవడమే మేలు కదా? పార్కు లోపలి రాత్రుల లెక్క ఒకటి తగ్గుతుందని బాధపడేవాళ్లు, ఆ రాత్రి వాళ్లు చూడబోయే పార్కు కారు లైట్ల ముందున్న యాభై గజాలేనన్న సంగతి మరిచిపోతున్నారు. మొత్తం మకాం ఒకే చోట ఉండాలన్న నియమం కూడా ఎక్కడా లేదు. నాలుగు రాత్రుల యాత్రలో రెండు పైన, ఒకటి పడమట, ఒకటి దారిలో గడిపితే చూసేది పెరుగుతుందే గానీ తగ్గదు.

ఆకాశం గురించి వచ్చే మాట మరొకటి. నక్షత్రాలు కావాలంటే లోపలే పడుకోవాలంటారు. బిగ్ బెండ్‌కు 2012లోనే అంతర్జాతీయ డార్క్ స్కై పార్కుగా గుర్తింపు వచ్చిన మాట నిజం. కానీ 2022లో వచ్చిన గుర్తింపు దానికంటే చాలా పెద్దది. గ్రేటర్ బిగ్ బెండ్ డార్క్ స్కై రిజర్వ్ 15,000 చదరపు మైళ్లకు పైబడి, మెక్సికో లోపలికీ విస్తరించి ఉంది. ఫోర్ట్ డేవిస్ దగ్గరి మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీ, ఆల్పైన్, మారథాన్, టెర్లింగ్వా అన్నీ దానిలోనివే. చుట్టుపక్కల కౌంటీలు, ఊళ్లు తమ దీపాలను కిందికి తిప్పుకుని, తెల్లటి వెలుతురు తగ్గించుకుని సాధించిన చీకటి అది. ఆ ఊళ్లవాళ్లు కష్టపడి కాపాడుతున్న చీకటి పుణ్యమంతా గేటు లోపలి క్యాంప్‌గ్రౌండ్‌లకు కట్టబెట్టడం వాళ్లకు అన్యాయం. నిజానికి సెలవుల్లో నిండిన క్యాంప్‌గ్రౌండ్‌లో అరవై టెంట్ల లాంతర్లు, కార్ల తలుపులు తెరిచినప్పుడల్లా వెలిగే దీపాలు నక్షత్రాలకు చేసే చెరుపు, రెండు మైళ్ల అవతల ఉన్న ఒంటరి సైట్‌లో ఉండదు.

భద్రత మాటకు వస్తే, రేంజర్లు దగ్గర ఉంటారు కాబట్టి లోపలే క్షేమమన్న నమ్మకం బలంగా ఉంది. రేంజర్లు ప్రాణాలకు తెగించి పని చేస్తారు, వాళ్ల మీద నాకున్న గౌరవం చిన్నది కాదు. కానీ 8 లక్షల ఎకరాల్లో ఎక్కడ ఏ రేంజర్ ఉంటాడో ముందే చెప్పలేం. సెల్ ఫోన్ సిగ్నల్ పార్కులో చాలా చోట్ల అందదు. ఆసుపత్రి ఉన్నది ఆల్పైన్‌లో. స్టూడీ బ్యూట్ నుంచి అక్కడికి 80 మైళ్లు. రియో గ్రాండ్ విలేజ్ నుంచి 125 మైళ్ల దాకా. గుండె జబ్బు ఉన్న పెద్దాయన, ఉబ్బసం ఉన్న పాప వెంట ఉన్న కుటుంబానికి ఈ 45 మైళ్ల తేడా దాదాపు ఒక గంట. వైద్య సాయం ఎంత దూరంలో ఉందో చూసుకునేవాళ్లు గేటు వైపు కాక ఆల్పైన్ రోడ్డు వైపు చూసుకోవాలి.

నీటి సంగతి చెప్పకపోతే ఈ వాదన అసంపూర్ణం. ఎడారిలో నీరు లేకపోవడం ఒక ప్రమాదమైతే నీరు ఒక్కసారిగా రావడం రెండోది. బిగ్ బెండ్‌లో వాన ఎక్కువగా జూన్ నుంచి అక్టోబర్ వరకు, మధ్యాహ్నపు ఉరుముల రూపంలో పడుతుంది. రాతి నేల, గట్టిబడ్డ మట్టి దాన్ని పీల్చుకోలేవు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి ఉండే వాగులు నిమిషాల్లో నిండిపోతాయి. కొండ మీద ఎక్కడో కురిసినది ఇక్కడికి వస్తుంది, ఇక్కడ చినుకు పడకపోవచ్చు. 1997 ఆగస్టు 12న అరిజోనాలోని యాంటిలోప్ లోయలో పదకొండు మంది కొట్టుకుపోయింది మైళ్ల అవతల కురిసిన వానకే. ఇసుక పరచుకుని, మెత్తగా, సమతలంగా, గాలి తగలకుండా కనిపించే వాగు అడుగు టెంట్ వేయడానికి ఎంతో అనువుగా అనిపిస్తుంది. అక్కడ మాత్రం వేయకూడదు. ఇది ఒంటరి సైట్లకే వర్తించే జాగ్రత్త అనుకోవద్దు. 2008 సెప్టెంబర్‌లో ఎగువన మెక్సికో నుంచి వచ్చిన కోంచోస్ నది వరదతో రియో గ్రాండ్ పొంగి ఒడ్డున ఉన్న క్యాంప్‌గ్రౌండ్‌లను ముంచింది. ప్రభుత్వం గుర్తించిన సైట్ అన్నంత మాత్రాన నది దానిని మినహాయించదు.

ఎత్తు అంటే సముద్ర మట్టం నుంచి లెక్కించే అంకె మాత్రమే అని కూడా అనుకోకూడదు. నిర్మలమైన ఆకాశం కింద నేల తన వేడిని రాత్రిపూట వేగంగా వదిలేస్తుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి వాలు వెంట జారి పల్లంలో నిలుస్తుంది. అందుకే వాగు అడుగున పడుకున్నవాడికీ దాని పక్క గట్టు మీద పడుకున్నవాడికీ చలిలో స్పష్టమైన తేడా తెలుస్తుంది. అలాగని అందం కోసం ఏ ఆచ్ఛాదనా లేని శిఖరపు అంచున టెంట్ వేస్తే గాలి వదలదు. ఇదే టెక్సాస్‌లో గ్వాడలూపే మౌంటెన్స్ జాతీయ పార్కు ఉంది. అక్కడి పైన్ స్ప్రింగ్స్ క్యాంప్‌గ్రౌండ్ 5,800 అడుగుల ఎత్తున పార్కు లోపలే, ట్రెయిల్ మొదలయ్యే చోటే ఉంది. చలికాలం చివర, వసంతంలో అక్కడ గంటకు 80 మైళ్లు దాటే ఈదురుగాలులు వీస్తాయి. ఆ వారాల్లో అక్కడ టెంట్ వేసుకుని విరిగిన కర్రలతో కారులో పడుకున్నవాళ్లకు ‘లోపల’ అన్న మాట చేసిన మేలు ఏముంది?

అవతలి పక్షంలో బలమైన వాదన ఒకటి ఉంది, దానిని తప్పించుకోదలచుకోలేదు. చీసోస్ ఎడారి మధ్యలో నిలిచిన ఒక ఆకాశ ద్వీపం. మంచుయుగం ముగిసి కింది నేలంతా ఎండిపోయాక పైకి తప్పుకున్న పైన్‌లు, డగ్లస్ ఫర్‌లు, ఆస్పెన్‌లు ఈనాటికీ ఆ ఎత్తులో మిగిలి ఉన్నాయి. 1980లలో మెక్సికో కొండల నుంచి నల్ల ఎలుగులు తమంతట తామే తిరిగివచ్చి స్థిరపడ్డాయి. సౌత్ రిమ్ వరకు పన్నెండు మైళ్లు దాటిన నడక చేయాలనుకునేవాళ్లు తెల్లవారకముందే బయలుదేరాలి, దానికి బేసిన్‌లో పడుకోవడమే సరైనది. కొలీమా వార్బ్లర్ పాట వినడానికి ఏప్రిల్, మే నెలల్లో వచ్చే పక్షి ప్రేమికుడి సంగతీ అంతే. వీళ్లకు బేసిన్ కావాలి. నేను అడిగేది కూడా అదే, బేసిన్ ఎవరికి నిజంగా కావాలో వాళ్లకు దొరకాలి. పగలంతా సాంటా ఎలెనాలో, కాస్టలన్‌లో, బొకీయాస్‌లో తిరిగి రాత్రికి మాత్రం పేరున్న చోట పడుకోవాలని ఆ అరవై సైట్లలో ఒకటి పట్టుకున్న కుటుంబం, ఎవరో నడిచేవాడి ఉదయాన్ని ఆక్రమిస్తోంది. పైకి పంపు చేసిన నీటిని వాడుకుంటోంది. వీటికి బదులుగా వాళ్లకు దొరికినది ప్రత్యేకంగా ఏమీ లేదు. చలిమంట కూడా దొరకదు. బిగ్ బెండ్ లోపల కట్టెల మంట ఎక్కడా వేయనివ్వరు, కాల్చుకోవడానికి గ్రిల్‌లో బొగ్గులే. పిల్లలకు చలిమంట దగ్గర కథలు చెప్పాలని ఉంటే, కౌంటీ నిషేధం లేని రోజుల్లో, అనుమతి ఉన్న బయటి క్యాంప్‌గ్రౌండే గతి.

బయట అంటే ఎక్కడపడితే అక్కడ కాదని మాత్రం గట్టిగా చెప్పాలి. కాలిఫోర్నియా, నెవాడా, యూటాలలో జాతీయ పార్కుల చుట్టూ కేంద్ర ప్రభుత్వ భూములు విస్తారంగా ఉన్నాయి, వాటిలో చాలా చోట్ల ఉచితంగా టెంట్ వేసుకోవచ్చు. జాషువా ట్రీ పార్కుకు ఉత్తరాన, దక్షిణాన అలాంటి నేల ఉంది. ఆ అలవాటుతో టెక్సాస్‌కు వచ్చేవాళ్లు ఇబ్బంది పడతారు. ఈ రాష్ట్రంలో నూటికి తొంభై పాళ్లకు పైగా భూమి ప్రైవేటుది, కంచె లేకపోయినా ఎవరిదో ఒకరిది. అడగకుండా దిగడం నేరం. రుసుము చెల్లించి క్యాంప్‌గ్రౌండ్‌లోనే ఉండాలి. అలాగే బయట ఉన్నవన్నీ మేలైనవని కూడా నేను అనడం లేదు. టెర్లింగ్వా 3,000 అడుగుల లోపే. ఒకప్పుడు పాదరసం గనులతో బతికి 1940లలో గనులు మూతపడ్డాక ఖాళీ అయిన ఆ ఊరు నవంబర్‌లో, ఫిబ్రవరిలో మంచి మకాం. జూలైలో అదీ నది ఒడ్డంత పనికిరానిదే. కొలబద్ద ఒకటే, రెండు వైపులా అదే వాడాలి.

కాబట్టి సలహాలిచ్చేవాళ్లకు నా విన్నపం. వాట్సాప్ గ్రూపులో ఎవరైనా బిగ్ బెండ్ సంగతి అడిగితే లోపల దొరికిందా అని ఎదురు ప్రశ్న వేయకండి. ఏ నెలలో వెళ్తున్నారు, వెంట ఎవరున్నారు, పగలు ఏం చూడాలనుకుంటున్నారు అని అడగండి. డిసెంబర్ చివర్లో చిన్నపిల్లలతో వెళ్తున్నామంటే బేసిన్ ఖాళీగా ఉన్నా వద్దని చెప్పండి, నది ఒడ్డే మంచిది. మార్చిలో సాంటా ఎలెనా చూడాలంటే కాటన్‌వుడ్, అది నిండితే స్టూడీ బ్యూట్. ఆగస్టులో మారుమూల సైట్ అడిగితే వాగు ఎటు పారుతుందో పటంలో చూసుకోమనండి. జూలైలో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో అంటే, బేసిన్‌లో చోటు లేనప్పుడు రియో గ్రాండ్ విలేజ్ లింకు పంపకండి. ఫోర్ట్ డేవిస్ పక్కన డేవిస్ మౌంటెన్స్ స్టేట్ పార్కులో చోటు ఉందేమో చూడమనండి, పొద్దున చల్లగా ఉండగానే ఒక్క రోజు చీసోస్ దాకా వెళ్లి ఆ రాత్రికి తిరిగి రావచ్చు.